మావెన్ ఎక్కట్లేదా? ఎక్కడ ఆగిందో ముందు తెలుసుకోండి

ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే నల్లగొండలో అయినా, మహబూబ్‌నగర్‌లో అయినా జావా చేసే పిల్లల నోట ఒకటే మాట: "అన్నా, జావా ఎక్కింది గానీ మావెన్ వస్తలేదు." మావెన్ అంటే జావా ప్రాజెక్టుకు కావాల్సిన ఫైళ్లన్నీ తెచ్చి, రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా కట్టిపెట్టే టూల్. వీడియోలో చూపించినట్టే జిప్ దించుకుంటారు, విప్పుతారు, పాత్ ఏదో పెడతారు. తీరా నల్ల తెర మీద కమాండ్ కొడితే అలాంటిదేదీ లేదని వస్తుంది. బ్యాచ్‌లో నలుగురుంటే ఇద్దరి దగ్గర విండోస్ ల్యాప్‌టాప్, కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఫోన్లో సాయపడే సీనియర్ దగ్గర మ్యాక్. ఎవరు చూసిన వీడియో వాళ్లది. ఒకరి దగ్గర నడిచింది ఇంకొకరి దగ్గర నడవదు. ఆఖరికి సిస్టమ్‌లో వైరస్ ఉందేమోనని ఫార్మాట్ కొట్టించుకునేదాకా పోతారు.

ఫార్మాట్‌తో పనిలేదు. ఇక్కడ తేల్చుకోవాల్సినవి మూడే విషయాలు. మావెన్ ఫోల్డరు ఎక్కడ ఉంది? ఆ సంగతి టెర్మినల్‌కు తెలుసా? అది ఏ జావాను పట్టుకుంటోంది? విండోస్‌లో అయినా, లినక్స్‌లో అయినా, మ్యాక్‌లో అయినా ఈ మూడు ప్రశ్నలు మారవు, జవాబు రాసే చోటు మారుతుందంతే. వరుసగా పన్నెండు స్టెప్పులు బట్టీపట్టడం కన్నా ఈ మూడింటిని అర్థం చేసుకోవడం ఎంతో తేలిక. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. కమాండ్లను పలికే తీరులోనే ఇస్తున్నాను, టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోవాలి.

మావెన్ ఎందుకు కావాలి?

ఒక ఉదాహరణ అనుకుందాం. మిర్యాలగూడలో రైస్ మిల్లుకు వచ్చే వడ్ల లారీలకు టోకెన్ ఇచ్చి, తూకం నమోదు చేసే చిన్న వెబ్ అప్లికేషన్. స్ప్రింగ్ బూట్‌తో రాస్తున్నారు, డేటా మైఎస్‌క్యూఎల్‌లోకి పోతుంది. మీరు రాసిన జావా ఫైళ్లు పదో పదిహేనో ఉంటాయి. కానీ అవి నడవాలంటే ఇతరులు రాసిన జార్ ఫైళ్లు, అంటే కంపైల్ చేసిన జావా కోడ్ మూటలు, పదుల సంఖ్యలో కావాలి. ఆ జార్లకు ఇంకొన్ని జార్లు కావాలి. ఏ వెర్షన్‌కు ఏ వెర్షన్ పొసుగుతుందో చూసుకోవాలి. అన్నీ తెచ్చి, కంపైల్ చేసి, టెస్టులు నడిపి, అంతా కలిపి ఒక్క జార్‌గా కట్టాలి. ఈ చాకిరీ చేసేదే బిల్డ్ టూల్.

ఈ అవసరం ఇవాళ్టిది కాదు. బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లోనే మేక్ అనే టూల్ రాశారు. జావా వాళ్లకు 2000లో యాంట్ వచ్చింది. అపాచీ ఫౌండేషన్ నుంచి మావెన్ 1.0 విడుదలైంది 2004లో. ఆ తర్వాత గ్రేడిల్ వచ్చింది, ఆండ్రాయిడ్ యాప్‌లు చేసేవాళ్లకు అది బాగా తెలుసు. మావెన్‌లో అన్నీ పామ్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే ఒక్క ఫైల్లో రాసి ఉంటాయి. ఆ ఫైలు ఉన్న ఫోల్డర్లో నిలబడి ఎంవీఎన్ ప్యాకేజ్ అని కొడితే (ఎంవీఎన్ అంటే మావెన్‌ను పిలిచే కమాండ్) మిగతాది అదే చూసుకుంటుంది.

ఇక్కడ ఒక సంగతి చాలామంది దృష్టికి రాదు. మావెన్ కూడా జావాలో రాసిన ప్రోగ్రామే. దానికి డబుల్ క్లిక్ చేసి నెక్స్ట్, నెక్స్ట్ కొట్టే ఇన్‌స్టాలర్ ఉండదు. అపాచీ సైటులో దొరికేది ఒక జిప్ ఫైలు, విప్పితే ఒక ఫోల్డరు, ఆ ఫోల్డర్లో బిన్ అనే ఇంకో ఫోల్డరు, అందులో ఎంవీఎన్ అనే చిన్న స్క్రిప్టు. ఆ స్క్రిప్టు జావాను వెతికి పట్టుకుని మావెన్‌ను నడిపిస్తుంది. కాబట్టి ముందు జావా ఉండాలి, అదీ జేడీకే, అంటే కంపైలర్ కూడా ఉన్న పూర్తి కిట్ ఉండాలి. జేఆర్‌ఈకి ప్రోగ్రాములు నడపడం వచ్చుగానీ కంపైల్ చేయడం రాదు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు జేడీకే 17 గానీ 21 గానీ వేసుకోవాలి. మావెన్‌లో 3.9 వరుస జావా 8 మీద కూడా నడుస్తుంది, మావెన్ 4కు మాత్రం 17 తప్పనిసరి. ప్రాజెక్టుకు, పరీక్షకు 3.9 చక్కగా సరిపోతుంది.

డౌన్‌లోడ్ పేజీలో బైనరీ, సోర్స్ అని రెండు రకాలు కనిపిస్తాయి. బైనరీనే తీసుకోవాలి. సోర్స్ అంటే మావెన్‌ను తయారుచేసిన కోడ్. దాన్ని ఎన్నిసార్లు విప్పినా నడిచే ఎంవీఎన్ దొరకదు.

విండోస్

మన దగ్గర ఎక్కువమంది వాడేది ఇదే, ఎక్కువ తిప్పలు పడేదీ ఇక్కడే. కాబట్టి కొంచెం నెమ్మదిగా చూద్దాం.

జిప్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ కొడితే, విండోస్ ఆ జిప్ పేరుతో ఒక ఫోల్డరు చేసి, దాని లోపల అసలు ఫోల్డరును పెడుతుంది. అంటే అపాచీ మావెన్ లోపల మళ్లీ అపాచీ మావెన్. వీడియోలో ఆయన బయటి ఫోల్డరు వెంటనే బిన్ రాశాడని మనమూ అలాగే రాస్తే, ఆ దారిలో బిన్ ఉండదు. అందుకని విప్పాక లోపలికి వెళ్లి, బిన్, కాన్ఫ్, లిబ్ అనే ఫోల్డర్లు పక్కపక్కన కనిపించేదాకా పోవాలి. అవి కనిపించే చోటే మావెన్ ఇల్లు. దాన్ని సీ డ్రైవ్‌లో టూల్స్ అనే పేరుతో ఒక ఫోల్డరు చేసి అందులోకి తెచ్చుకుంటే దారి పొట్టిగా, ఖాళీలు లేకుండా ఉంటుంది. డౌన్‌లోడ్స్‌లోనే వదిలేస్తే ఎప్పుడో ఒకరోజు జాగా కోసం మీరే తుడిచేస్తారు.

తర్వాత పాత్. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎంవీఎన్ అని కొట్టగానే విండోస్ డిస్క్ అంతా వెతకదు. ముందు ఇప్పుడున్న ఫోల్డర్లో చూస్తుంది, తర్వాత పాత్ అనే వేరియబుల్‌లో రాసి ఉన్న ఫోల్డర్లను వరుసగా చూస్తుంది. మొదట ఎక్కడ దొరికితే అక్కడ ఆగి దాన్నే నడుపుతుంది. ఎక్కడా దొరకకపోతే "ఇంటర్నల్ ఆర్ ఎక్స్‌టర్నల్ కమాండ్‌గా గుర్తించలేదు" అనే పేరుమోసిన ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ వచ్చిందంటే మావెన్ చెడిపోయిందని కాదు. పాత్ జాబితాలో సరైన బిన్ లేదని, అంతే.

స్టార్ట్ మెనూలో ఎన్విరాన్‌మెంట్ అని టైపు చేస్తే ఆ వేరియబుల్స్ మార్చే విండో వస్తుంది. పైన యూజర్ వేరియబుల్స్, కింద సిస్టమ్ వేరియబుల్స్ ఉంటాయి. ల్యాబ్ కంప్యూటర్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ లేదని ఆగిపోనక్కర్లేదు, పైన ఉన్న యూజర్ పాత్‌లో చేర్చినా పని జరుగుతుంది. పాత్‌ను ఎంచుకుని ఎడిట్ కొట్టి, న్యూ నొక్కి, మావెన్ బిన్ ఫోల్డరు పూర్తి దారి రాయాలి. ఓకే కొట్టి వెనక్కి వచ్చాక, వేరియబుల్స్ జాబితా కింద ఉన్న న్యూ నొక్కి జావాహోమ్ అనే వేరియబుల్ చేయాలి. దాని పేరులో జావాకు, హోమ్‌కు మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది, అన్నీ పెద్ద అక్షరాలు. దాని విలువ జేడీకే ఫోల్డరు. ఇక్కడ బిన్ చేర్చకూడదు. పాత్‌కు బిన్ కావాలి, జావాహోమ్‌కు బిన్ వద్దు. ఈ ఒక్క తేడా దగ్గరే సగంమంది ఆగిపోతారు. కొటేషన్ గుర్తులు, చివర సెమీకోలన్ కూడా పెట్టొద్దు. జావాహోమ్ తప్పుగా ఉంటే మావెన్ ఆ మాట సూటిగానే చెబుతుంది, "నాట్ డిఫైన్డ్ కరెక్ట్‌లీ" అని.

కొన్ని పాత వీడియోల్లో ఎం2 హోమ్ అనే వేరియబుల్ కూడా పెట్టమంటారు. మావెన్ 3.5 నుంచి దాంతో పనిలేదు, వదిలేయండి. ఇంకొందరు సెట్‌ఎక్స్ కమాండ్‌తో పాత్ మార్చమంటారు. అది 1024 అక్షరాలు దాటిన భాగాన్ని కోసేస్తుంది. పాత్ పొడుగ్గా ఉన్న సిస్టమ్‌లో అలా చేస్తే పైథాన్, గిట్ వంటి వాటి దారులు కూడా పోతాయి. విండోలోంచి మార్చుకోవడమే క్షేమం.

అన్నీ పెట్టాక పాత కమాండ్ ప్రాంప్ట్‌లోనే మళ్లీ కొట్టి చూసి "ఇంకా వస్తలేదన్నా" అంటారు. ఒక విండో తెరుచుకున్న క్షణంలో ఉన్న వేరియబుల్సే దానికి తెలుసు, తర్వాత మార్చినవి దానికి చేరవు. దాన్ని మూసి కొత్తది తెరవాలి. వీఎస్ కోడ్ లోపలి టెర్మినల్ వాడుతుంటే వీఎస్ కోడ్‌నే పూర్తిగా మూసి తెరవాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒరాకిల్ ఇన్‌స్టాలర్ పాత్‌లో తన దారి ఒకటి రాసుకుంటుంది. దాంతో జావా వెర్షన్ అడిగితే ఒక నంబరు, మావెన్ చూపే జావా మరో నంబరు వస్తాయి. మావెన్ మొదట జావాహోమ్‌ను చూస్తుంది, అది లేకపోతేనే పాత్‌లో జావాను వెతుకుతుంది. కాబట్టి మావెన్ విషయంలో జావాహోమ్ మాటే నెగ్గుతుంది. ఏది ఎక్కడి నుంచి నడుస్తోందో తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో వేర్ ఎంవీఎన్ అని కొడితే పూర్తి దారి చూపిస్తుంది. పవర్‌షెల్‌లో వేర్‌కు అర్థం వేరు, అక్కడ వేర్ డాట్ ఈఎక్స్‌ఈ అని రాయాలి.

స్కూప్, చాకొలేటీ అనే ప్యాకేజీ మేనేజర్లు ఒక్క కమాండ్‌తో ఇదంతా చేసి పెడతాయి. స్కూప్‌కు అడ్మిన్ హక్కులు కూడా అవసరం లేదు. అయినా మొదటిసారి చేత్తో చేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. రేపు ఉద్యోగంలో ఏ సర్వర్ మీద ఏది ఆగినా ఎక్కడ చూడాలో అప్పుడే తెలుస్తుంది. 2023లో నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ ఐటీ టవర్లు తెరుచుకున్నాయి. అక్కడైనా, హైదరాబాద్‌లోనైనా జావా ఉద్యోగానికి వెళ్లిన మనిషి మొదటి రోజు చేసే పని ఈ మెషీన్ సెటప్పే.

లినక్స్, మ్యాక్

ఉబుంటులో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ మావెన్ అంటే చాలు, పాత్ గొడవ లేకుండా వచ్చేస్తుంది. ఫెడోరాలో ఆప్ట్ బదులు డీఎన్‌ఎఫ్. ఇంత తేలికైన దాంట్లోనూ రెండు మెలికలున్నాయి. ఆప్ట్ ఇచ్చే మావెన్ కొంచెం పాతది. ఉబుంటు 22.04లో 3.6.3, 24.04లో 3.8.7 వస్తాయి. చదువుకు అవి చాలు. రెండో మెలికే ఇబ్బంది పెడుతుంది. మావెన్‌తో పాటు ఆప్ట్ తెచ్చేది జావాను నడిపే భాగాన్నే, కంపైలర్‌ను తేదు. ఎంవీఎన్ వెర్షన్ చక్కగా చూపిస్తుంది, కంపైల్ దగ్గరకొచ్చేసరికి "ఈ ఎన్విరాన్‌మెంట్‌లో కంపైలర్ లేదు, జేడీకే బదులు జేఆర్‌ఈ మీద నడుస్తున్నారేమో" అని ఆగిపోతుంది. అప్పుడు ఓపెన్‌జేడీకే 17 జేడీకే ప్యాకేజీని విడిగా వేసుకోవాలి.

కొత్త వెర్షనే కావాలంటే టార్ ఫైలు దించి, ఓ, పీ, టీ అనే మూడక్షరాల పేరున్న ఫోల్డర్లో (పైన చెప్పిన ఆప్ట్ కమాండ్ వేరు, అది ఏ, పీ, టీ) విప్పి, హోమ్ ఫోల్డర్లోని బ్యాష్‌ఆర్‌సీ ఫైలు చివర పాత్ లైను రాసుకోవాలి. విండోస్‌లో దారుల మధ్య సెమీకోలన్ ఉంటే ఇక్కడ కోలన్ ఉంటుంది. ఆ లైనులో పాత పాత్‌ను కూడా కలపాలి, డాలర్ గుర్తుతో. అది మరిచిపోయి మావెన్ దారి ఒక్కటే రాస్తే కొత్త టెర్మినల్‌లో ఎల్‌ఎస్ కూడా పనిచేయదు. భయపడక్కర్లేదు, ఫైల్ మేనేజర్‌లో దాచిన ఫైళ్లు చూపించమని పెట్టి ఆ లైను సరిచేస్తే మళ్లీ మామూలైపోతుంది.

విండోస్‌లోనే డబ్ల్యూఎస్‌ఎల్ ద్వారా ఉబుంటు వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మావెన్ మటుకు దాన్ని వేరే కంప్యూటర్ కిందే లెక్కేసుకోవాలి. విండోస్‌లో వేసుకున్నా అక్కడ ఇంకోసారి వేసుకోవాలి. ప్రాజెక్టు ఫోల్డరును కూడా లినక్స్ వైపే ఉంచుకోవాలి, సీ డ్రైవ్‌లో పెట్టి అటునుంచి బిల్డ్ చేస్తే బాగా నెమ్మదిస్తుంది.

మ్యాక్‌లో హోమ్‌బ్రూ ఉంటే బ్రూ ఇన్‌స్టాల్ మావెన్ అంటే అయిపోతుంది. అది తనకు నచ్చిన కొత్త ఓపెన్‌జేడీకేను వెంట తెచ్చుకుంటుంది, ప్రాజెక్టుకు 17 కావాలంటే జావాహోమ్ మీరే పెట్టుకోవాలి. 2019లో వచ్చిన కెటలీనా నుంచి మ్యాక్‌లో షెల్ జెడ్‌షెల్ కాబట్టి ఆ లైను జెడ్‌ఎస్‌హెచ్ఆర్‌సీ ఫైల్లో రాయాలి, పాత వీడియోల్లో చెప్పే బ్యాష్ ప్రొఫైల్లో కాదు.

ఆ అయిదు లైన్లు చదవాలి

ఇన్‌స్టాల్ అయ్యాక ఎంవీఎన్ హైఫన్ వీ కొట్టి, వెర్షన్ కనిపించగానే స్క్రీన్‌షాట్ తీసి మూసేస్తారు. దాంట్లో అయిదు లైన్లుంటాయి, మొదట చెప్పిన మూడు ప్రశ్నలకు జవాబులు అందులోనే ఉన్నాయి. మొదటి లైను మావెన్ వెర్షన్. రెండోది మావెన్ హోమ్, అంటే నడుస్తున్న మావెన్ ఏ ఫోల్డర్లోది. మూడోది జావా వెర్షన్, దాని దారి. నాలుగోదాంట్లో భాష, ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్లో నంబర్లుగా రాసే పద్ధతి). అయిదోది ఆపరేటింగ్ సిస్టమ్.

మూడో లైనును ప్రాజెక్టుతో సరిపోల్చుకోవాలి. స్ప్రింగ్ బూట్ 3కు కనీసం జావా 17 కావాలి. మావెన్ జావా 8ను పట్టుకుని ఉంటే "క్లాస్ ఫైలు వెర్షన్ తప్పు, 61.0 ఉంది, 52.0 ఉండాలి" అనే ఎర్రర్ వస్తుంది. ఈ నంబర్లు చూసి కంగారు పడతారు గానీ వాటిలోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది. 61 అంటే 17, 52 అంటే 8. అంటే లైబ్రరీ 17 కోసం తయారైంది, మీ దగ్గర 8 నడుస్తోంది. పామ్‌లో 21 రాసి ఉండి మెషీన్‌లో 17 ఉంటే "రిలీజ్ వెర్షన్ 21 నాట్ సపోర్టెడ్" అంటుంది. రెండింటికీ మందు జావాహోమ్‌లోనే ఉంది. మావెన్‌ను తీసేసి మళ్లీ వేయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

నాలుగో లైను తెలుగువాళ్లకు మరీ ముఖ్యం. మన టోకెన్ల ప్రాజెక్టులో ఊళ్ల పేర్లు తెలుగులో పెట్టారనుకోండి, దామరచర్ల, వేములపల్లి, హాలియా అని. జావా 17, అంతకు ముందు వెర్షన్లలో విండోస్ మీద ఆ లైనులో సాధారణంగా సీపీ 1252 అని ఉంటుంది. ఆ ఎన్‌కోడింగ్‌లో తెలుగు అక్షరాలకు చోటు లేదు. మావెన్ కూడా "ప్లాట్‌ఫారం ఎన్‌కోడింగ్ వాడుతున్నాను, ఈ బిల్డ్ సిస్టమ్‌ను బట్టి మారుతుంది" అని హెచ్చరిక ఇస్తుంది. ఎవరూ చదవరు. తీరా జార్ తీసుకెళ్లి నడిపితే తెలుగు ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు. ఉబుంటులో యూటీఎఫ్ 8 ఉంటుంది కాబట్టి అదే కోడ్ అక్కడ చక్కగా వస్తుంది, దాంతో గొడవ ఇంకా అర్థం కాకుండా పోతుంది. పామ్‌లో ప్రాపర్టీస్ కింద ప్రాజెక్ట్ డాట్ బిల్డ్ డాట్ సోర్స్‌ఎన్‌కోడింగ్ అని, విలువ యూటీఎఫ్ 8 అని ఒక్క లైను రాస్తే కంపైల్ అన్ని చోట్లా ఒకేలా జరుగుతుంది. స్ప్రింగ్ బూట్ పేరెంట్ పామ్‌లో ఇది ముందే ఉంది. 2022లో వచ్చిన జావా 18 నుంచి యూటీఎఫ్ 8నే డిఫాల్ట్ చేశారు. ఫలితాన్ని మాత్రం బ్రౌజర్లో చూసుకోండి. విండోస్ నల్ల తెరకు ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చడం రాదు, అక్కడ చూసి కోడ్ తప్పనుకోవద్దు.

మొదటి బిల్డ్, మొబైల్ డేటా

మావెన్ వచ్చిందని సంతోషంగా ఎంవీఎన్ ప్యాకేజ్ కొట్టగానే తెర మీద డౌన్‌లోడింగ్ అనే లైన్లు పరుగెడతాయి. మొదటిసారి ప్లగిన్లు, లైబ్రరీలు అన్నీ మావెన్ సెంట్రల్ అనే ఆన్‌లైన్ లైబ్రరీల గిడ్డంగి నుంచి దిగుతాయి, మీ హోమ్ ఫోల్డర్లో డాట్ ఎం2 అనే ఫోల్డర్లో కూర్చుంటాయి. రెండోసారి అక్కడి నుంచే తీసుకుంటుంది. దేవరకొండ వైపో, అచ్చంపేట వైపో ఊళ్లో హాట్‌స్పాట్ మీద చేస్తుంటే మధ్యలో సిగ్నల్ పోతుంది. దిగడం తెగిన ఫైళ్ల సంగతిని మావెన్ గుర్తుపెట్టుకుంటుంది. నెట్ తిరిగొచ్చాక కూడా "ఇంతకుముందు దొరకలేదు, ఆ వైఫల్యాన్ని దాచి ఉంచాం" అని మళ్లీ అడగకుండానే ఆగిపోతుంది. హైఫన్ పెద్ద యూ చేర్చి కొడితే మళ్లీ ప్రయత్నిస్తుంది. అప్పటికీ కాకపోతే డాట్ ఎం2 లోపల ఆ ఒక్క లైబ్రరీ ఫోల్డరును తుడిచి కొట్టండి. మొత్తం తుడిస్తే మళ్లీ డేటా అంతా పోతుంది.

కాలేజీ నెట్ ప్రాక్సీ (మధ్యలో ఉండే సర్వర్) వెనకాల ఉంటే బ్రౌజర్ నడుస్తుంది, మావెన్ నడవదు. బ్రౌజర్ ప్రాక్సీ సెట్టింగు మావెన్‌కు తెలియదు కాబట్టి డాట్ ఎం2లో సెట్టింగ్స్ డాట్ ఎక్స్‌ఎంఎల్ రాసి ప్రాక్సీ హోస్టు, పోర్టు ఇవ్వాలి. ఎప్పటిదో పాత ప్రాజెక్టు తెచ్చి నడిపితే "501, హెచ్‌టీటీపీఎస్ రిక్వయిర్డ్" రావచ్చు. 2020 జనవరి నుంచి సెంట్రల్ మామూలు హెచ్‌టీటీపీని ఒప్పుకోవడం లేదు. పామ్‌లోని చిరునామాకు ఎస్ చేరిస్తే సరి.

అరవై మంది ల్యాబ్‌లో కూర్చుని ఒకేసారి ఇవన్నీ దించాల్సిన అవసరం లేదు. నెట్ బాగున్న ఒక సిస్టమ్‌లో ప్రాజెక్టును ఎంవీఎన్ వెరిఫై దాకా నడిపి, డాట్ ఎం2లోని రిపోజిటరీ ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి మిగతా వాటిలో అదే చోట పెట్టి, హైఫన్ చిన్న ఓతో నడిపితే నెట్ లేకుండానే బిల్డ్ అవుతుంది. డిపెండెన్సీ గో-ఆఫ్‌లైన్ అనే కమాండ్ కూడా ఉంది గానీ అది ఒక్కోసారి కొన్ని ప్లగిన్ల జార్లను వదిలేస్తుంది, నిజంగా బిల్డ్ చేసి కాపీ చేయడమే నమ్మకం. విండోస్‌లో దించినవి లినక్స్‌లోనూ దాదాపు అన్నీ పనికొస్తాయి.

ఇంతా చదివాక ఒక మాట. ప్రాజెక్టు ఫోల్డర్లో ఎంవీఎన్‌డబ్ల్యూ అనే ఫైలు ఉంటే మీరు మావెన్‌ను ఇన్‌స్టాల్ చేయాల్సిన పనే లేదు. దాన్ని రాపర్ అంటారు. ప్రాజెక్టుకు కావాల్సిన మావెన్ వెర్షన్‌ను అదే దించుకుని డాట్ ఎం2లో పెట్టుకుంటుంది. దానికి జేడీకే ఉంటే చాలు. స్ప్రింగ్ ఇనీషియలైజర్ నుంచి తెచ్చుకున్న మావెన్ ప్రాజెక్టుల్లో ఇది ముందే ఉంటుంది. విండోస్‌లో ఎంవీఎన్‌డబ్ల్యూ డాట్ సీఎండీ నడుస్తుంది, లినక్స్, మ్యాక్‌ల్లో ముందు చుక్క, స్లాష్ పెట్టి కొట్టాలి. పర్మిషన్ డినైడ్ అంటే సీహెచ్‌మాడ్ ప్లస్ ఎక్స్‌తో హక్కు ఇవ్వాలి. విండోస్‌లో సేవ్ చేసి తెచ్చిన ఫైలు లినక్స్‌లో బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్ అంటే లైను చివర్ల తేడా అది, డాస్‌టూయూనిక్స్‌తో సరిచేయాలి.

బ్యాచ్‌లో ఒకరికొకరు ప్రాజెక్టు పంపుకునేటప్పుడు టార్గెట్ ఫోల్డరును తీసేయండి, అది ఎక్కడికక్కడ మళ్లీ తయారవుతుంది. రాపర్ ఫైళ్లు రెంటినీ, చుక్కతో మొదలయ్యే ఎంవీఎన్ ఫోల్డరును మాత్రం తప్పక జిప్‌లో ఉంచండి. లినక్స్‌లో, మ్యాక్‌లో చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు మామూలుగా కనిపించవు, అందుకే ఎంచి ఎంచి కాపీ చేసేవాళ్లు దాన్ని వదిలేస్తుంటారు. ఏ వెర్షన్ మావెన్ దించాలో రాసి ఉండేది ఆ ఫోల్డర్లోనే.